నాణ్యమే వెల : ప్రత్తి, మిరప పైరులలో నూతన పద్ధతులును, రైతు లాభనష్టములును

(గుంటూరు, ప్రకాశము ప్రాంతముల భూవసతి గల రైతుల నుద్దేశించిన ఉపన్యాస పాఠము)

నల్లరేగడి భూములలో ప్రత్తియు మిరపయు పండించు రైతు, పంట యింటికి వచ్చినపుడు మొట్టమొదట వేయు ప్రశ్న "ఎకరమునకు ఎన్ని క్వింటాళ్లు?" అనునది. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని పంటను కొనువాడు ఈ ప్రశ్న వేయడు. అతడు టిక్కీ విప్పి కాయను చేత పట్టి చూచును. విఱిచి గింజను చూచును. ప్రత్తి బోరెములో చేయి పెట్టి తేమను కనిపెట్టును. పింజను లాగి పొడవును చూచును. రైతు తూకమును లెక్కించుచుండగా బజారు నాణ్యమును లెక్కించుచున్నది. ఈ రెండు లెక్కలకు నడుమ గల వ్యత్యాసమే అనేక కుటుంబముల అప్పులకు మూలమగుచున్నది.

నేటి ఉపన్యాసమునకు విషయములు రెండు. పంట నాణ్యమును కాపాడుట మొదటిది. క్రొత్త విత్తనము, క్రొత్త మందు, క్రొత్త పనిముట్టు మొదలగు నూతన పద్ధతుల నవలంబించుట రెండవది. వీనిలో ఏ యొక్కటియు ఒంటరిగా రైతును గట్టెక్కింపజాలదనియు, నూతన పద్ధతిని నాణ్యపు అదుపులో నుంచిన నాడే పెట్టుబడి తిరిగి చేతికి వచ్చుననియు ఈ ప్రాంతపు చరిత్రయే సాక్ష్యము చెప్పుచున్నది.

పూర్వ వృత్తాంతము

ఒకప్పుడు పలనాడు, సత్తెనపల్లి, నరసరావుపేట ప్రాంతములందు పండిన దేశవాళి ప్రత్తి సహజముగనే ఎఱుపు కలసిన గోధుమవన్నె కలిగియుండెడిది. కాకినాడ రేవును బట్టి దానికి వర్తకులలో "కోకనాడ ప్రత్తి" యని పేరు వచ్చినది. ఆ పేరు పలికినంతనే దూరదేశపు వర్తకునకు సరకు ఇట్టిదని తెలియుచుండెను. పేరు నిలుచుటకు సరకు ఒక్క తీరున నుండవలెను. కాని ఆ కాలమున దేశమంతట మంచి ప్రత్తిలో నాసిరకము కలుపు దురాచారము ప్రబలెను. కలిపినవాడు ఒక్క యేడు లాభపడును. ఆ ప్రాంతపు రైతు లందఱును అనేక సంవత్సరములు తక్కువ వెల పొందుదురు. అందుచేతనే 1923లో ప్రత్తి రవాణా చట్టమును, 1925లో జిన్నింగు, ప్రెస్సింగు కర్మాగారముల చట్టమును చేయవలసివచ్చెను. 1937లో వ్యవసాయోత్పత్తులను శ్రేణులుగా విభజించి ముద్రవేయు చట్టము పుట్టినది. నేడు అందఱెఱిగిన అగ్‌మార్క్ ముద్ర దానినుండి వచ్చినదే.

గుంటూరు చేరువనున్న లాం క్షేత్రమున 1922లో వ్యవసాయ పరిశోధన ప్రారంభమైనది. ప్రత్తిలోను మిరపలోను అక్కడ వెలువడిన రకములు ఈ ప్రాంతమున ఇంటింటి మాటలైనవి. కావున నాణ్యమనగా నేడు పరదేశీయులు తెచ్చిపెట్టిన క్రొత్త షరతు కాదనియు, నూతన పద్ధతియనగా నిన్నటి వింత కాదనియు గ్రహింపవలెను. ఈ రెండును ఈ నేలకు నూఱేండ్ల నాటివి.

బజారు చూపు

ఆసియాఖండముననే పెద్దదిగా పేరుపడిన గుంటూరు మిరప యార్డులో ఒకే దినమున, ఒకే రకపు కాయకు, వేర్వేఱు వెలలు పలుకుట ప్రతి రైతునకును అనుభవమే. ఇది కేవలము కమీషను వర్తకుని చలవ గాని, రైతు అదృష్టము గాని కాదు. కాయ రంగు, ఎండిన తీరు, తాలుకాయ పాలు, తొడిమ, మట్టి, రకపు కల్తీ, ఇవియన్నియు కలిసి ఆ వెలను నిర్ణయించుచున్నవి. తేజ రకమును కారమునకై కొందురు. కర్ణాటకములోని బ్యాడిగి కాయను రంగునకై కొందురు. తేజలో వేఱొక రకము కలిసిన యెడల కారమునకై కొనువాడు వెనుదీయును. కలిపిన రెండు రకములును తమ తమ విలువను పోగొట్టుకొనును.

లెక్క తేటపడుటకై యిద్దఱు రైతు లున్నారనుకొనుడు. ఈ అంకెలు దృష్టాంతమునకు మాత్రమే. మొదటివాడు ఎకరమునకు 22 క్వింటాళ్లు పండించెను. అందు 4 క్వింటాళ్లు తాలు. మిగిలిన 18 క్వింటాళ్లు సరిగా ఆరక మకిలపట్టుటచే 12,000 రూపాయలు పలుకవలసినది 11,000 పలికెను. తాలు క్వింటాలు 5,000 వంతున పోయెను. అతనికి వచ్చినది 1,98,000ను 20,000ను, వెరసి 2,18,000 రూపాయలు. రెండవవాడు 20 క్వింటాళ్లే పండించెను. తాలు ఒక్క క్వింటాలు. 19 క్వింటాళ్లకు 12,000 వంతున 2,28,000ను, తాలునకు 5,000ను, వెరసి 2,33,000 రూపాయలు వచ్చెను. మొదటివాడు అధికముగా ఆరు పర్యాయములు, పర్యాయమునకు 2,000 వంతున 12,000 రూపాయలు మందులకు పెట్టెను. రెండవవాడు పట్టాలకును, కాయ ఏరు కూలికిని 7,000 అధికముగా పెట్టెను. కూడి తీసివేయగా, రెండు క్వింటాళ్లు తక్కువ పండినవానికే 20,000 రూపాయలు మిగులు. గ్రామములో మాత్రము "ఇరువదిరెండు పండించినవాడు" అను కీర్తి మొదటివానిదే!

వెలలు మంచిగా నున్న సంవత్సరమున ఈ భేదము కంటికి కానరాదు. వెలలు పడిన సంవత్సరముననే అది బయటపడును. 2025 ఫిబ్రవరిలో మిరప వెలలు పడిపోగా, కేంద్రప్రభుత్వము విపణి జోక్య పథకము క్రింద ఆంధ్రప్రదేశ్ మిరపకు క్వింటాలునకు 11,781 రూపాయల ధరను నిర్ణయింపవలసివచ్చెను. అట్టి సమయమున కొనువాడు సరకును తిరుగవేసి చూచును. మంచి కాయ ముందుగా అమ్ముడుపోవును. నాసికాయ యార్డులో రైతు నెత్తిమీద నిలిచిపోవును.

కల్లములో పోవు వెల

మిరప చేనిలో ఏడెనిమిది మాసములు పెంచిన నాణ్యము కల్లములో పది పదునైదు దినములలో పోవుట కలదు. పచ్చి మట్టిమీద పోసిన కాయ క్రింది తేమను పీల్చును. రాత్రి మంచు పైనుండి తడుపును. అట్టి కాయలో ఆస్పర్‌జిల్లస్ అను బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. ఈ విషము కాలేయమునకు హాని చేయును, పొడి కొట్టినను, కాచినను పూర్తిగా పోదు, కంటికి కానరాదు.

ఐరోపా సమాఖ్య దేశములలో మిరపయందు మొత్తము అఫ్లాటాక్సిన్ కిలోకు 10 మైక్రోగ్రాములకు మించరాదు. అందు బి-1 అను రకము 5 మైక్రోగ్రాములకు మించరాదు. దీని అర్థమేమనగా, 100 క్వింటాళ్ల మిరపలో ఈ విషము గ్రాములో పదియవ వంతు దాటినచో ఆ సరకంతయు త్రిప్పిపంపబడవచ్చును. ఒక్క రైతు కల్లములోని బూజుపట్టిన కొన్ని టిక్కీలు, నూఱుమంది రైతుల మంచి కాయతో ఒకే కొట్టులో కలిసినయెడల అందఱి సరకును చెడగొట్టును. "ఒక్క కాయేగదా" యనుట ఇచ్చట చెల్లదు.

దీనికి విరుగుడు ఖరీదైనది కాదు. కాయను పట్టాలపైన గాని, సిమెంటు కల్లముపైన గాని పలుచగా పోయవలెను. దినమునకు పలుమారులు తిరుగవేయవలెను. సాయంకాలము కుప్పచేసి పట్టా కప్పి, మఱునాడు మంచు విడిచిన పిమ్మట విప్పవలెను. తేమ 10, 11 శాతమునకు దిగినగాని టిక్కీ కట్టరాదు. తూకము కొఱకు గాని, కాయ విఱుగకుండుటకు గాని నీరు చల్లుట, బూజునకు విత్తనము చల్లుటయే.

పేరునకు వచ్చిన ముప్పు

2003లో ఫ్రాన్సు దేశమున, భారతదేశమునుండి వచ్చిన మిరప సరకులో సుడాన్-1 అను రంగు కనిపెట్టబడెను. అది నూనెలకును, మైనములకును, బూట్ల పాలిషునకును వాడు రంగు, ఆహారమున వాడరానిది. ఆ సంవత్సరముననే ఐరోపా సమాజము పరీక్షాపత్రము లేని మిరపను రానీయకుండ కట్టడి చేసెను. మనదేశపు సుగంధద్రవ్యముల బోర్డు ఎగుమతి మిరపకు పరీక్షను విధించెను. మఱల 2005 ఫిబ్రవరిలో ఇంగ్లండునందు ఒక సాసులో వేసిన మిరపపొడియందు ఈ రంగే బయటపడగా, దానితో తయారైన 400కు పైగా ఆహారపదార్థములను అంగళ్లనుండి వెనుకకు తీయవలసివచ్చెను.

ఆ రంగు కలిపినవాడు రైతు కాడు. అయినను పరీక్షల ఖర్చు, ఆలస్యము, అనుమానము, ఇవన్నియు తుదకు రైతునకు వచ్చు వెలలోనుండియే తీయబడును. వన్నె తగ్గిన కాయకు రంగు వేయవలెనను దురాశ వర్తకునకు పుట్టుటకు వన్నె తగ్గిన కాయయే అవకాశము. చేనిలోను కల్లములోను సహజవర్ణము నిలుపుకొనుటయే దానికి మొదటి ఆటంకము. 2010లో గుంటూరు సన్నము మిరపకు భౌగోళిక గుర్తింపు లభించినది. చట్టము పేరును కాపాడగలదు. పేరునకు తగిన కాయను మాత్రము రైతే ఇయ్యవలెను.

నూతన పద్ధతి అదుపు తప్పిన విధము

1970లో సూరతులో సి.టి. పటేలుగారు ప్రపంచమున మొట్టమొదటి వాణిజ్య సంకర ప్రత్తియగు హెచ్-4ను విడుదల చేసిరి. ఆ దశాబ్దముననే గుంటూరు నల్లరేగడిలో పొడవుపింజ ప్రత్తి విస్తరించెను. ప్రత్తి "తెల్లబంగారము"గా వన్నెకెక్కినది. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినవి. మొదటి సంవత్సరములలో ఒక్క పిచికారితో పురుగు నేలరాలెను. ఇది నిజమైన ఉపకారమే. కాని పురుగు ఎంత యున్నదో లెక్కింపక, ప్రక్కచేనివాడు కొట్టినాడని తానును కొట్టుట, ఒకే జాతి మందును మఱల మఱల వాడుట, రెండు మూడు మందులు కలిపి కొట్టుట వాడుకయయ్యెను. పురుగును తిను సాలీడు, అక్షింతల పురుగు మొదలగు మిత్రకీటకములు ముందుగా నశించెను.

ఫలితము త్వరలోనే కనబడెను. 1984-85 మొదలు తెల్లదోమ విపరీతముగా చెలరేగెను. 1987-88లో శనగపచ్చపురుగు పైరిత్రాయిడ్లకు లొంగకుండెను. కొందఱు ఇరువది ముప్పది పర్యాయములు పిచికారి చేసినను కాయ నిలువలేదు. మందుల వ్యాపారియే సలహాదారుడు, అతడే అప్పిచ్చువాడు అగుటచే, పురుగు చావకున్న కొలది అప్పు పెరిగెను. ఆ యేడు గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పలువురు ప్రత్తి రైతులు ప్రాణములు తీసికొనిరి. ఈ దుఃఖము మఱవదగినది కాదు. తప్పు మందునందు లేదు. కొలత లేని వాడుకయందున్నది. తదుపరి లాం నుండి తెల్లదోమను తట్టుకొను ఎల్.కె. 861 వంటి రకములు వచ్చి కొంత ఊరట కలిగించినవి.

2002 మార్చిలో బి.టి. ప్రత్తికి మనదేశమున అనుమతి లభించెను. 2006లో రెండు జన్యువుల రకము వచ్చెను. శనగపచ్చపురుగు తగ్గి, పిచికారులు తగ్గినవి. ఐతే 450 గ్రాముల బి.టి. విత్తనముతో పాటు 120 గ్రాముల సాధారణ విత్తనపు పొట్లమును ఇచ్చుచుండిరి. దానిని చేను చుట్టును అయిదు వరుసలు గాని, విస్తీర్ణములో 20 శాతము గాని, ఏది యధికమైన అది, విత్తవలెనని నియమము. బి.టి. తిని బ్రతికిన పురుగు, సాధారణ ప్రత్తిపై పెరిగిన పురుగుతో జతకూడి తట్టుకొను గుణమును పోగొట్టుకొనుటకై ఈ యేర్పాటు. ఆ పొట్లమును పలువురు పాఱవైచిరి. 2010లో గుజరాతునందు గులాబిరంగు పురుగు మొదటి రకపు బి.టి.కి లొంగకుండుట వెల్లడియయ్యెను. తరువాత రెండవ రకమునకును లొంగలేదు. నీటి వసతి యున్నదని ప్రత్తిని మార్చి వఱకు నిలుపుట ఆ పురుగునకు ఏడాది పొడవున తిండి పెట్టుటయే.

2021-22లో మిరపపైన క్రొత్తజాతి నల్ల తామరపురుగు విరుచుకుపడి ఆంధ్ర, తెలంగాణా చేలను పాడుచేసెను. అది పూవులలో దాగి పూతను రాల్చును. అప్పుడును భయముచే దినము విడిచి దినము మందు కొట్టినవారి ఖర్చే పెరిగినది. పైగా వాడిన మందు కాయలో అవశేషముగా మిగిలి, పరీక్షలో పట్టుబడి, మిగిలిన పంట వెలనుకూడ తగ్గించును. నూతన పద్ధతిలోని నిర్లక్ష్యము నాణ్యమును చెడగొట్టుటకు ఇంతకంటె దృష్టాంతము అక్కఱలేదు.

నూతన పద్ధతియనగా కొనితెచ్చునదియే కానవసరము లేదు. ఖమ్మము ప్రాంతమున పునుకుల గ్రామపు ప్రత్తి రైతులు, 2000 తరువాతి తొలి సంవత్సరములలో, వేపకషాయము, ఎరపంటలు, లింగాకర్షక బుట్టలు మొదలగువానితో రసాయనమందులను క్రమముగా విడిచి గ్రామమంతయు ఒక్కకట్టుగా నిలిచిరి. ఒక్క చేను మారుట వేఱు, ఊరంతయు మారుట వేఱు. పురుగునకు పొలిమేరలు లేవు గనుక కట్టుబాటునకును ఉండరాదు.

ప్రత్తితీతలో జాగ్రత్త

భారత ప్రత్తి సంస్థ మద్దతుధరకు కొనునపుడు 8 శాతము తేమను ప్రమాణముగా నుంచుకొని, ఆ పైన 12 శాతము వఱకు తేమకు తగినట్లు వెల తగ్గించును. 12 దాటిన కొనదు. కావున మంచు ఆరిన పిమ్మటనే ప్రత్తి తీయవలెను. మొదటి తీత, రెండవ తీత, చివరి గుడ్డిప్రత్తి వేర్వేఱుగా నుంచవలెను. ప్లాస్టిక్ సంచి పోగు, తలవెండ్రుక, ఎండుటాకు మిల్లులో నూలును తెంచును, అద్దకమున మచ్చగా తేలును. కూలివారికి గుడ్డసంచులును, తలకు కట్టుకొన గుడ్డయు ఇచ్చుట రైతునకు కలుగు ఖర్చులలో మిక్కిలి చిన్నది.

చేయవలసిన పనులు

1. విత్తనపు పొట్లమును, రసీదును పంట అమ్ముడుపోవు వఱకు భద్రపఱచవలెను. విత్తనము మోసమైనచో నష్టపరిహారమునకు అవియే ఆధారము.

2. క్రొత్త రకమును, క్రొత్త మందును మొదటి యేడు కొలది సెంట్లలో పరీక్షించి, ప్రక్కనే పాత పద్ధతిని ఉంచి, రెండింటి ఖర్చును దిగుబడిని వ్రాసి పోల్చిన పిమ్మటనే విస్తరింపవలెను.

3. వారమునకు రెండు మారులు చేను తిరిగి పురుగును లెక్కింపవలెను. లెక్క హద్దు దాటినగాని మందు కొట్టరాదు. తామరపురుగునకు నీలిరంగు జిగురు అట్టలును, తెల్లదోమకు పసుపురంగు అట్టలును, గులాబిరంగు పురుగునకు లింగాకర్షక బుట్టలును కట్టవలెను.

4. ఒకే జాతి మందును వరుసగా వాడరాదు. మందుడబ్బాపై వ్రాసిన గడువు ముగియక కాయ కోయరాదు. ట్రైజోఫాస్, ఫోరేట్ అను మందులు 2020 డిసెంబరు 31 నుండి నిషేధింపబడినవి. పాతసరకు ఎవరిచ్చినను కొనరాదు.

5. ప్రత్తిని సకాలమున ముగించి, కట్టెను చేనిలో నిలువ ఉంచక తొలగింపవలెను.

6. మిరపను పట్టాలపై ఎండబెట్టి, తాలు, మచ్చకాయ వేఱుచేసి, రకములను కలుపక టిక్కీలు కట్టవలెను.

7. వెల కొఱకు ఆగదలచిన కాయను పూర్తిగా ఆరిన పిమ్మటనే శీతల గిడ్డంగిలో నుంచవలెను. తడికాయను గిడ్డంగి బాగుచేయదు.

8. ప్రతి పిచికారి తేదీ, మందు పేరు, మోతాదు ఒక పుస్తకమున వ్రాయవలెను. ఎగుమతిదారు అడుగు మొదటి కాగితము అదియే.

భూమి కౌలున కిచ్చినవారి విధి

ఈ ప్రాంతమున భూమి గల రైతులలో పలువురు తమ చేలను కౌలున కిచ్చియున్నారు. కౌలుదారు ఒక్క యేటి గడువుతో దున్నువాడు. అతడు సిమెంటు కల్లము కట్టడు. చేనికి నిలుకడ మేలు చేయు పనికి చేయి సాచడు. కౌలు చెల్లింపవలసిన తొందరలో పచ్చికాయనే అమ్మజూచును. అతని తొందరకు కారణము అతని స్వభావము కాదు, ఒప్పందపు గడువు. నలుగురు భూస్వాములు కలిసి ఒక ఉమ్మడి కల్లము కట్టించుట, కౌలును కాయ ఆరి అమ్ముడైన పిమ్మట తీసికొనుట, గడువును మూడేండ్లకు పెంచుట, ఇవి దానధర్మములు కావు. చేను పేరు నిలిచిన కౌలు విలువయు నిలుచును. కౌలుదారు చితికినచో మఱుసటి యేట ఆ చేను బీడు.

ముగింపు

రైతు మహాశయులారా! ప్రతి క్రొత్త సాధనమును మొదటి యేడు మేలుచేయును. దానిని పదవ యేటను మేలుచేయునట్లు నిలుపునది రైతు క్రమశిక్షణ. తూకము ఒక్క దినపు లెక్క. నాణ్యము ఊరి పేరుతో కూడిన లెక్క. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట ఈ నేల ఒకమారు చూచినది. ఈ యేడు కాయ కోతకు వచ్చులోపల ప్రతి రైతును తన కల్లమునకు కావలసిన పట్టాలను సిద్ధపఱచుకొని, ఒక లెక్కల పుస్తకమును తెఱచినచో, ఈ ఉపన్యాసమునకు ఫలము కలిగినట్లే.